అమ్మ ఫ్లెక్సీలో మిగిలిన మాట

‘డెలీషియస్ లీడర్’ అని రాసిన ఒక ఫ్లెక్సీ నాగర్‌కర్నూల్ మెయిన్ రోడ్డు మీద పదకొండు రోజులు వేలాడింది. దాన్ని డిజైన్ చేసింది నేనే. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. తప్పు మాత్రం పూర్తిగా నాది కాదు.

బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఒక ఫ్లెక్సీల షాపులో ఏడేళ్లుగా నేను కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గణేశుడు, చావులు, ఎలక్షన్లు, అన్నీ నా మౌసు కిందుగానే పోతాయి. మా ఓనర్‌ది వనపర్తి. మంచివాడే, కానీ వచ్చిన గిరాకీ ఏమడిగినా కాదనలేడు. నాకేమో ముక్కు మీదే కోపం. డిగ్రీలో ఇంగ్లీషు చదివానన్న పొగరు కూడా కొంచెం ఉంది. ఆ చదువుతో నేను చేసే పని, ఒకాయన తల నరికి ఇంకో ఒంటికి అతికించడం. చాలామందికి సఫారీ సూట్లు అలాగే తొడిగాను.

మా వ్యాపారంలో దేనికైనా కొలత అడుగులే. ఆరు బై నాలుగు, పది బై ఎనిమిది, ఇరవై బై పది. గౌరవాన్నీ దుఃఖాన్నీ కూడా మావాళ్లు అడుగుల్లోనే చెప్తారు. “మా తాతకు పది బై ఎనిమిది ఎయ్యి చెల్లె, ఆరు బై నాలుగేస్తే నలుగురు ఏమనుకుంటరు” అని కళ్లు తుడుచుకుంటూ ఆర్డరిచ్చిన మనిషిని చూశాను. అలా అన్నిటినీ కొలిచే అలవాటు చివరికి మాటల మీదికి కూడా వచ్చింది.

ఒకరోజు ఒక యువనాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం అతని మనుషులు నలుగురు వచ్చారు. నేను ఆయన ఫోటో కింద ‘గుడ్ లీడర్’ అని కొట్టాను. నలుగురూ స్క్రీన్ వైపు వంగి చూశారు.

“గుడ్ అంటే గింతేనా?” అన్నాడు ఒకడు. “మా అన్న పేరు చూస్తే గంత పొడుగుంది. కింద మాట గింత పొట్టిగుంటె ఎట్ల?”

“అర్థం ముఖ్యం గదా అన్నా” అన్నాను.

“అర్థం ఎవరికి కనిపిస్తది చెల్లె? దూరంకెల్లి చూసేటోళ్లకు పొడుగే కనిపిస్తది.”

నాకు ఒళ్లు మండింది. కానీ ఆలోచిస్తే వాడన్నదాంట్లో నిజముంది. మా ఓనర్ వెంటనే నా వైపు తిరిగి, “గుడ్ అనే మాటకు ఇంకేమేం మాటలున్నయో ఓ కాయితం మీద రాయి చెల్లె, గిరాకీకి చూపిద్దం” అన్నాడు.

ఇన్నాళ్లకు నా డిగ్రీకి పని తగిలిందని నేను పొంగిపోయాను. రెండు రోజులు ఫోనులో డిక్షనరీ వెతికి ఇరవై నాలుగు మాటలు పట్టాను. ఊరికే రాయలేదు, పక్కన తెలుగులో వివరంగా అర్థాలు కూడా రాశాను. ఎక్సలెంట్ పనికి వాడాలి, హానెస్ట్ నిజాయితీ ఉన్న మనిషికి వాడాలి, టేస్టీ, డెలీషియస్ అనేవి తిండికి మాత్రమే వాడాలి. తిండికి అన్నచోట కింద గీత కూడా గీశాను. గుడ్ గురించి అయితే ఆరు లైన్లు రాశాను. పిల్లవాడు గుడ్ అంటే బుద్ధిమంతుడు, పాలు గుడ్ అంటే విరగలేదు, నోటు గుడ్ అంటే చెల్లుతుంది, ఇలా సాగింది నా పాండిత్యం.

మా ఓనర్ దాన్ని లామినేషన్‌కు ఇచ్చేటప్పుడు అర్థాల వరస సైజుకు పట్టలేదు. కత్తెరతో కత్తిరించేశాడు. మిగిలిన మాటల్ని పొట్టి నుంచి పొడుగుకు వరసగా పేర్పించి టేబుల్ అద్దం కింద పెట్టాడు. అన్నిటికంటే పైన గుడ్, అన్నిటికంటే కింద ఎక్స్‌ట్రార్డినరీ. వచ్చినవాళ్లు హోటల్లో టిఫిన్ల లిస్టు చూసినట్టు దాని మీద వేలు పెట్టి కిందికి జారుస్తూ పోయేవారు. పైనున్న నాలుగు మాటల దగ్గర ఏ వేలూ ఆగేది కాదు.

‘డెలీషియస్ లీడర్’ అలా పుట్టింది. ఒక కుర్రగుంపు వచ్చి సరిగ్గా దాని మీద వేలు పెట్టింది. నేను కుర్చీలోంచి లేచాను.

“అన్నా, అది తిండికి వాడే మాట. కూర బాగుంటే అంటారు, మనిషిని అనరు” అన్నాను.

వాళ్లు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. అందులో పెద్దవాడు నింపాదిగా, “మా అన్న చేతి తిండి తిననోడు ఈ మండలంల ఎవడున్నడు మేడం? గదే ఎయ్యి” అన్నాడు. గొణుక్కుంటూనే వేశాను. ఆ లీడరే స్వయంగా ఫోన్ చేసి ఫ్లెక్సీ మస్తుగుందని మా ఓనర్‌ను మెచ్చుకున్నాడు.

ఇంకొకాయన చనిపోయిన తన తాత శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ‘వండర్‌ఫుల్’ కావాలన్నాడు. చావు దగ్గర ఆ మాట బాగుండదని ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు. “మా తాతను నువ్వు చూడలె గద” అన్నాడు. నిజమే, నేను చూడలేదు. హానెస్ట్ మీద మాత్రం ఇన్నాళ్లలో ఒక్క నాయకుడి వేలూ పడలేదు. పొడుగు చాలకపోవడమే కారణమని నేను అనుకుంటున్నాను.

ఇలా నవ్వుతూ, తిట్టుకుంటూ ఉండగానే నాకు తెలియకుండా ఆ జబ్బు నాకూ అంటుకుంది. ఎవరైనా ‘గుడ్’ అంటే నాకు చప్పగా తోచడం మొదలైంది. నా డిజైన్ చూసి ఎవరైనా గుడ్ అంటే, నచ్చలేదు కాబోలు అనుకునేదాన్ని.

అప్పుడే మా అమ్మ ఫ్లెక్సీ వచ్చింది.

మా ఊరు నాగర్‌కర్నూల్‌కు దగ్గరే, ఆటోలో పోయి రావచ్చు. అక్కడి సర్కారు బడిలో మా అమ్మ మధ్యాహ్న భోజనం వండేది. నేను అదే బడిలో ఐదో తరగతి చదివేటప్పుడు మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లు దాటింది. ఆమె పప్పు తిన్న పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని, వాళ్ల పిల్లల్ని మళ్లీ ఆమె పప్పు తినడానికే పంపారు. పిల్లలందరికీ ఆమె ‘అవ్వ’. ఈ మధ్య మోకాళ్లు బాగా వాచిపోయాయి. పొయ్యి దగ్గర కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాల్సి వస్తోంది. దవాఖానలో డాక్టరు ఇక వంట మానేయమన్నాడు. సరే, మానేస్తానంది. బడి పెద్దసారు మంచి మనిషి, ఊరికే పంపొద్దు, సన్మానం చేద్దామన్నాడు. సన్మానమంటే శాలువా, పూలదండ, ఫ్లెక్సీ.

శాలువా గురించి అమ్మ ఒక్క మాటా అడగలేదు. ఫ్లెక్సీ గురించి మాత్రం ఆ రోజు నేను ఇంటికి పోగానే అడిగింది.

“నా ఫోటో ఏస్తరా బిడ్డా?”

“నీ ఫ్లెక్సీల నీ ఫోటో కాకుంటె ఇంకెవరిది ఏస్తరమ్మా?”

“పెద్దగ ఎయ్యి. ఈ ఊర్ల అందరి ఫోటోలు ఎక్కినయ్, ఆఖరికి ఆ పేకాట ఆడేటోళ్లవి గూడ ఎక్కినయ్. నాదే ఎక్కలె. దూరంకెల్లి చూసినోళ్లకు గూడ ఇది నేనే అని తెల్వాలె.”

మా అమ్మ జీవితంలో నన్ను ఏదీ అడగలేదు. అడిగిన ఒక్కటీ నా చేతిలో ఉన్న పనే. నిలువెత్తు ఫోటో, సరిగ్గా మధ్యలో వేస్తానని మాటిచ్చాను. మర్నాటికల్లా ఆమె మా వాడకట్టు మొత్తానికి ఆ సంగతి చెప్పేసింది.

ఆమెకున్న ఒకే ఒక్క ఫోటో ఆధార్ కార్డులోది. అందులో ఎవరినో కొట్టడానికి లేస్తున్నట్టు ఉంటుంది. అందుకని బడి వంటషెడ్డులో, గరిటె చేతిలో పట్టించి, నేనే ఫోనుతో కొత్తగా తీశాను. నవ్వమంటే నవ్వలేదు, “పొగ కండ్లళ్ల పడుతుంది, జర జల్ది తియ్యి” అంది. అయినా బాగా వచ్చింది.

పెద్దసారు ఫ్లెక్సీలో ఏం రాయాలో వాట్సాప్‌లో పంపాడు. బడి ఇప్పుడు ఇంగ్లీష్ మీడియం కాబట్టి ఫ్లెక్సీ కూడా ఇంగ్లీషులోనే ఉండాలట. అమ్మ పేరు, ఆ కింద ‘గుడ్ కుక్’ అని ఉంది. అది చూడగానే నాకు తిక్క లేచింది. వెంటనే ఫోన్ చేశాను.

“సార్, ఇరవై ఏళ్లు పొయ్యి ముందర కూసున్న మనిషికి ఉత్త గుడ్డేనా సార్?”

“అదేందమ్మా అట్లంటవ్” అన్నాడు పాపం. “పిల్లలకు పెట్టే ముందు నేను రుచి చూసి రిజిస్టర్‌లో రాయాలె గద. రోజూ రాసేది గదే మాట. అలవాటు మీద గట్లనే వచ్చింది.”

“రోజూ రాసేది వేరు సార్, ఇది వేరు” అన్నాను.

“సరే, నీకు నచ్చింది నువ్వే ఎయ్యమ్మా, చదువుకున్నదానివి.”

ఇక నన్ను ఆపేదెవరు? లిస్టులో అట్టడుగున ఉన్న ఎక్స్‌ట్రార్డినరీని తెచ్చి, ఎర్ర రంగు పూసి, పసుపు అంచు కట్టి అమ్మ ఫోటో కింద పరిచాను. ఆ మాట ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. ఏడేళ్లలో నేను చేసిన డిజైన్లన్నిటిలో అదే నాకు ఎక్కువ నచ్చింది. పెద్దసారుకు పంపాను. ఆయన అమాయకంగా దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

పది నిమిషాల్లో నా ఫోను వేడెక్కింది. ‘నా ఫోటో ఏది’ అని ఒకరు, ‘బడి కమిటీ చైర్మన్‌ను మర్చిపోయినట్టున్నరు’ అని ఇంకొకరు, మాట లేకుండా కోపం బొమ్మలు పెట్టినవాళ్లు కొందరు. మర్నాడు పొద్దున్నే మా ఊరి మాజీ సర్పంచ్ షాపుకే వచ్చేశాడు. ఫ్లెక్సీ వేయించేది తనేనని, పది బై ఎనిమిది కాదు పన్నెండు బై ఎనిమిది వేయమని వస్తూనే చెప్పాడు. నేను సంతోషించాను. తర్వాత ఆయన స్క్రీన్ ముందు కూర్చుని, అమ్మ కింద ఉన్న ఎక్స్‌ట్రార్డినరీ మీద తన అరచెయ్యి పరిచి జానలతో కొలిచాడు. జానెడు దాటి బెత్తెడు వచ్చింది.

“ఇది నాకు పెట్టు” అన్నాడు.

“ఇది అమ్మ ఫంక్షన్ గదా మామా” అన్నాను. ఊరి వరసలో ఆయన నాకు మామ అవుతాడు.

“మా అక్క మంచిదని ఎవరికి తెల్వదే? ఊరంత తెల్సిన మనిషికి పెద్ద మాటెందుకు? నాకైతె కావాలె, ఎలక్షన్లొస్తున్నయ్.”

అంత నిజాయితీగా అడిగితే ఆ మాట ఆయనకే ఇచ్చాను. ఆయన ఫోటో పైన ఎడమవైపు ఎక్కింది. ఆ మధ్యాహ్నం కమిటీ చైర్మన్ ఎక్కాడు, సాయంత్రం వార్డు మెంబరు ఎక్కాడు, మర్నాడు బడికి స్టీలు పళ్లేలు ఇచ్చిన వ్యాపారి, ఆ తర్వాత పాలకేంద్రం ఆయన. ఒకళ్లు తీసుకున్న మాట ఇంకొకళ్లు ముట్టరు. మాగ్నిఫిసెంట్ ఒకరికి, ఫెంటాస్టిక్ ఒకరికి, వండర్‌ఫుల్ ఒకరికి. పెద్దసారు కూడా చివర్లో ఫోన్ చేసి, సిగ్గుపడుతూ, “ఔట్‌స్టాండింగ్ ఉన్నదా అమ్మా, ఎవరన్న తీస్కున్నరా” అని అడిగాడు. పదకొండు తలకాయలు అయ్యాయి. ఒక్కో తల ఎక్కినప్పుడల్లా అమ్మ ఒక్కో మెట్టు కిందికి దిగింది. నిలువెత్తున్నది నడుము దాకా అయింది, తర్వాత భుజాల దాకా అయింది. చేతిలోని గరిటె మొత్తానికే పోయింది. చివరికి కుడివైపు కింది మూలలో, స్క్రీన్ మీద మూడు వేళ్లంత చోటులో తేలింది.

ఆ చోటులో పట్టే మాటలు రెండో మూడో మిగిలాయి. హానెస్ట్ వేస్తానన్నాను. మా ఓనర్ హడలిపోయాడు.

“వద్దు చెల్లె. ఇంతమంది లీడర్ల నడుమ మీ అమ్మ ఒక్కతే హానెస్ట్ అంటే గొడవైతది.”

“టేస్టీ వేస్తే అమ్మను వండుకుని తిన్నట్టుంటుంది” అన్నాను.

“గుడ్ ఎయ్యి. ఎవరికీ నొప్పి గాదు.”

“మా అమ్మకు అన్నా! మా అమ్మకు మిగిలింది అదేనా?”

“మీ అమ్మంటె మా అమ్మే. కని మీ సర్పంచ్ రేపు ఎలక్షన్లకు ఊరంత మన దగ్గర్నే ఫ్లెక్సీలు ఏపిస్తడు. నన్ను పరేషాన్ చెయ్యకు చెల్లె.”

ఇంకో షాపులో నా సొంత డబ్బుతో వేయిస్తానని అరిచాను గానీ, ఒకే వరండాకు రెండు ఫ్లెక్సీలు కడితే అమ్మ వీడ్కోలు కాస్తా రచ్చ అవుతుంది. నాకు ఏడుపొచ్చింది, గిరాకీ ముందే ఏడ్చాను. ఆ ఏడుపులోనే గుడ్ అని కొట్టి ప్రింటుకు పంపాను. అమ్మకు ఏమీ చెప్పలేదు.

సన్మానం రోజు అమ్మ గద్వాల చీర కట్టుకుంది, నా మొదటి జీతంతో కొన్నది. బడి వరండా స్తంభాలకు ఫ్లెక్సీ కట్టారు. వాడకట్టు ఆడవాళ్లు అప్పటికే దాని ముందు నిలబడి ఉన్నారు. “నువ్వేడున్నవక్కా?” అని ఒకామె అడిగింది. అమ్మ ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి వెతికింది. నేను వేలు పెట్టి చూపించాను. దగ్గరికి పోయి, నడుము వంచి చూసుకుంది.

“సక్కగనే పడ్డ” అంది. తర్వాత మెల్లగా, “ఇంక జర పెద్దగయ్యేటట్టు లేకుండెనా బిడ్డా?” అంది.

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. పదిమందికి మాగ్నిఫిసెంట్‌లు, ఫెంటాస్టిక్‌లు కుట్టిపెట్టే నా చేతులు నా తల్లి దగ్గరికి వచ్చేసరికి పనికిరాకుండా పోయాయి.

పిల్లలందర్నీ ఎండలో వరసల్లో కూర్చోబెట్టారు. మాజీ సర్పంచ్ మైకు పట్టుకుని, ఊరి బడి ఇంగ్లీష్ మీడియం కావడానికి తానెంత తిరిగాడో చెప్పాడు. చాలాసేపే చెప్పాడు. చెప్పి చెప్పి, ఆ గొప్ప అందరికీ కనిపించాలనుకున్నాడో ఏమో, ఫ్లెక్సీ వైపు తిరిగి తన ఫోటో కింద చెయ్యి పెట్టాడు.

“ఏదీ పిల్లలూ, ఇడ ఏం రాసిండ్రో అందరు గట్టిగ చదవండ్రి!”

ముందు వరసలో ఒకరిద్దరు “ఎక్... ఎక్స్...” అని ఆగిపోయారు. పెద్దసారు ముఖం పాలిపోయింది. సర్పంచ్ పక్క ఫోటో మీదికి జరిగాడు, మాగ్నిఫిసెంట్ దగ్గర పెద్ద తరగతి వాళ్లు కూడా తలలు వంచుకున్నారు. పిల్లల కళ్లు మాత్రం తమకు వచ్చిన మాట కోసం ఫ్లెక్సీ మొత్తం వెతుకుతున్నాయి. ఉన్నట్టుండి వెనక వరసల్లోంచి ఎవరో లేచి కింది మూల చూపించారు. అంతే, ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా బడి బడంతా ఒక్క గొంతుతో అరిచింది.

“గుడ్!”

“అది గాదు బిడ్డా, ఇది, ఇది చదవండ్రి” అని సర్పంచ్ తన ఫోటోను తట్టాడు. వాళ్లు ఆయన వైపే చూడలేదు. “గుడ్! అవ్వ గుడ్!” అని మళ్లీ అరిచారు. ఇంకా అక్షరాలు రాని పిల్లలు కూడా, ఆ మాట ఆకారం తెలిసి, అరుస్తున్నారు. కూర్చున్న పెద్దలు నవ్వాపుకోలేక తువ్వాళ్లు అడ్డం పెట్టుకున్నారు.

పరువు కాపాడుకోవాలని పెద్దసారు గబగబా మైకు తీసుకుని, మూడో తరగతి పిల్లనొకదాన్ని లేపాడు.

“గుడ్ అంటే అర్థమేందో చెప్పమ్మా.”

“తప్పులు లేవని సార్” అంది అది తడుముకోకుండా. “నోటుబుక్కుల తప్పులు లేకుంటెనే మీరు ఎర్రపెన్నుతోని గుడ్ అని రాస్తరు గద సార్.”

నేను ఆరు లైన్లు రాసినప్పుడు కూడా ఈ అర్థం నాకు తట్టలేదు. అమ్మ వైపు చూశాను. దండ మెడలో బరువుగా వేలాడుతుంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. ఎవరినీ మైకు అడగలేదు, నిలబడి గట్టిగా పిల్లలతోనే అంది.

“తప్పులు లేకుండుడేంది బిడ్డా! ఎన్ని దినాలు పప్పు మాడిచ్చిన్నో, ఎన్ని దినాలు ఉప్పెక్కువేసిన్నో మీకేమెరుక!”

ఆ మూడో తరగతి పిల్ల ఇంకా నిలబడే ఉంది.

“మాకెరుకే అవ్వా” అంది.

పిల్లలంతా తలలూపారు. మా అమ్మ ఆ పిల్లను దగ్గరికి పిలిచి, తన మెడలోని దండ తీసి దాని మెడలో వేసింది.